కర్చీఫ్ వేసిన సీటు



బొల్లారం దాటి కౌకూర్ వైపు వచ్చేవాళ్ళకి ఈ దారి తెలుసు. ఒక పక్క మిలిటరీ వాళ్ళ స్థలాలు, చెట్లు, నీడ. ఇంకో పక్క కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, సిమెంటు లారీలు, లారీల వెనకాల లేచే ఎర్రదుమ్ము. వానలు తగ్గాక ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. ఎవరు పెట్టారో గాని పేరు మాత్రం ముచ్చటైనది. దాని పుప్పొడి ముక్కుల్ని ఎంత ఏడిపిస్తుందో మాలాంటి డాక్టర్లని అడగండి. ఇక చలి మొదలై, రాలిన ఆకుల్ని పొద్దున్నే కుప్పేసి కాల్చడం మొదలయ్యాక తుమ్ములు, ముక్కు కారడం, ముసలివాళ్ళకి దమ్ము, పిల్లలకి రాత్రిపూట పిల్లికూతలు.

అందరూ డాక్టరు దగ్గరికి రారు. దారిలో మెడికల్ షాపు ఉండగా డాక్టరు ఎందుకు? "అన్నా, సర్దికి ఎల్‌సీ గోలీ ఒక షీటు ఇయ్యి." అంతే. చీటీ లేదు, పేరు లేదు, ఎన్నాళ్ళు వేసుకోవాలో లేదు. ఆ షీటు వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో రెండు మందుల పేర్లుంటాయి. లీవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు, మాంటెలుకాస్ట్ 10 మిల్లీగ్రాములు. "ఎల్‌సీ" అంటే ఆ లీవోసెట్రిజిన్. జనం దాన్నే అడుగుతారు. దాని పక్కన నోరెత్తకుండా కూర్చున్న మాంటెలుకాస్ట్‌ని పేరుపెట్టి అడిగేవాళ్ళని నేను తక్కువగా చూశాను. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండోదాని గురించే. అది ల్యూకోట్రీన్లు అనే పదార్థాలకు అడ్డుపడే మందు.

ల్యూకోట్రీన్ల కథ ఒక నాగుపాము విషంతో మొదలవుతుంది. 1938లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఫెల్డ్‌బర్గ్, కెల్లావే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీపంది ఊపిరితిత్తుల గుండా తాచుపాము విషాన్ని పంపి, బయటికి వచ్చిన ద్రవాన్ని పరీక్షించారు. ఆ ద్రవం తగిలిన కండరం ముడుచుకుంది. అందులో వింత ఏమీ లేదు, హిస్టమిన్ తగిలినా ముడుచుకుంటుంది. కాకపోతే హిస్టమిన్ చటుక్కున బిగిస్తుంది, చటుక్కున వదులుతుంది. ఇది మెల్లగా బిగించి, చాలాసేపు వదల్లేదు. అది ఏ పదార్థమో వాళ్ళకి అంతుపట్టలేదు. అందుకని దాని నడవడిక చూసి "నెమ్మదిగా పనిచేసే పదార్థం" అని పిలిచారు. మన ఊళ్ళలో కొత్త మనిషి పేరు తెలియనప్పుడు "ఆ మెల్లగా నడిచేటాయన" అంటాం చూడండి, అట్లా అన్నమాట.

ఆ మెల్లగా నడిచేటాయన అసలు పేరు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1979లో స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం దాని రసాయన నిర్మాణాన్ని తేల్చింది. తెల్ల రక్తకణాల్లో, అంటే ల్యూకోసైట్లలో పుడుతుంది కాబట్టి "ల్యూకో", అణువులో వరసగా మూడు జంట బంధాలు ఉన్నాయి కాబట్టి "ట్రీన్". 1982లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని పంచుకున్న మిగతా ఇద్దరు బెర్గ్‌స్ట్రోమ్, జాన్ వేన్. ఆ బహుమతి ల్యూకోట్రీన్లకి మాత్రమే ఇచ్చింది కాదు, వాటి దాయాదులైన ప్రోస్టాగ్లాండిన్ల మీద చేసిన పని కూడా అందులో ఉంది. దాయాదులు అని ఎందుకన్నానో ముందుకు పోయాక మీకే అర్థమవుతుంది.

మన ఒంట్లో ప్రతి కణం పొరలోనూ అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం దాగి ఉంటుంది. పుప్పొడో, దుమ్ములోని పురుగో, పిల్లి బొచ్చో తగిలి అలర్జీ కణాలు రెచ్చిపోయినప్పుడు ఆ కొవ్వు ఊడి బయటికి వస్తుంది. ఒక ఎంజైము దాన్ని ల్యూకోట్రీన్లుగా మారుస్తుంది. అవి ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తాయి. లోపలి పొరను ఉబ్బిస్తాయి. కఫాన్ని ఊరిస్తాయి. ఈసినోఫిల్స్ అనే రక్తకణాలను "రండి రండి" అని పిలిచి కూర్చోబెడతాయి. గొట్టాన్ని బిగించే పనిలో హిస్టమిన్ కన్నా వీటి బలం కొన్ని వందల రెట్లు, కొన్ని పరీక్షల్లో వెయ్యి రెట్లు. తుమ్ములకి పనిచేసే సెట్రిజిన్ లాంటి మందులు ఆయాసం దగ్గర చేతులెత్తేయడానికి ఒక కారణం ఇదే. అక్కడ అసలు దొంగ వేరే.

మాంటెలుకాస్ట్ చేసే పని ఆర్టీసీ బస్సు ఎక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు. మేడ్చల్ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం. ఆ తర్వాత ఎక్కినవాళ్ళు ఆ సీటు వైపు చూసి, నిట్టూర్చి, నిలబడే ప్రయాణం చేస్తారు. ఊపిరి గొట్టం కండరం మీద ల్యూకోట్రీన్లు కూర్చునే సీట్లు ఉంటాయి. అవి అక్కడ కూర్చుంటేనే గొట్టం బిగుస్తుంది. మాంటెలుకాస్ట్ ముందే వచ్చి ఆ సీటు మీద కర్చీఫ్ వేస్తుంది. ల్యూకోట్రీన్లు తయారవుతూనే ఉంటాయి, తిరుగుతూనే ఉంటాయి, కూర్చోవడానికి చోటుండదు. ఒక గోలీ వేసిన కర్చీఫ్ దాదాపు ఒక రోజంతా ఉంటుంది. ఆస్తమా వాళ్ళని సాయంత్రం వేసుకోమంటాం, ఎందుకంటే దమ్ము ఎక్కువగా పట్టేది రాత్రి, తెల్లవారుజాము.

ఈ పోలికలోనే ఇంకో మాట ఉంది. బస్సంతా నిండి, జనం ఒకరి మీద ఒకరు పడుతున్నప్పుడు కర్చీఫ్ వేస్తే ఎవరు పట్టించుకుంటారు? దమ్ము పట్టి మాట రాక, పక్కటెముకలు ఎగిరిపడుతున్నప్పుడు ఈ గోలీ మింగి ఉపయోగం లేదు. అప్పుడు కావలసింది పీల్చే మందు, ఆ వెంటనే ఆసుపత్రి.

ఇక్కడ కాసేపు కౌకూర్ వదిలి మదనపల్లె పోదాం. వైద్యుల పత్రికల్లో తప్ప అక్కడి కథ పెద్దగా వినపడదు, నాకేమో అది చెప్పకుండా ల్యూకోట్రీన్ల గురించి మాట్లాడబుద్ధి కాదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అని ఒక క్షయ ఆసుపత్రి ఉండేది. దక్షిణ భారతమంతటి నుంచీ క్షయ రోగులు అక్కడికి వచ్చేవాళ్ళు. దాని పెద్ద డాక్టరు ఫ్రిమోట్ మోలర్, డెన్మార్క్ మనిషి. వచ్చే రోగుల్లో కొందరు ఆయన్ని తికమక పెట్టారు. రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, బరువు తగ్గడం. ఎక్స్‌రే తీస్తే క్షయలాంటి మచ్చలు. కఫంలో మాత్రం క్షయ క్రిమి లేదు. రక్తం పరీక్షిస్తే ఈసినోఫిల్స్ విపరీతంగా పెరిగి ఉన్నాయి. 1940లో ఆయన, బార్టన్ అనే మరో డాక్టరు కలిసి ఈ "క్షయ కాని క్షయ" గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. మూడేళ్ళ తర్వాత 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ఇదే జబ్బును "ట్రాపికల్ ఈసినోఫిలియా" అన్నాడు. పేరు అదే నిలిచింది. ఇవాళ మన ఇళ్ళల్లో దగ్గు తగ్గని ప్రతి పిల్లవాడికీ "ఈసినోఫిలియా అట" అనడం మామూలైపోయింది. అసలు ఈసినోఫిలియా ఉన్నవాళ్ళకన్నా ఆ మాట అన్నవాళ్ళే ఎక్కువ, అది వేరే సంగతి. ఆ మాట వెనకాల ఉన్న జబ్బును మొదట విడదీసి చూసిన చోట్లలో ఒకటి మన మదనపల్లె.

అప్పట్లో దానికి పాషాణం కలిసిన సూదులు వేసేవాళ్ళు. పాషాణం అంటే ఆర్సెనిక్కే. రోగం తగ్గేది, మనిషి భయపడేవాడు. తర్వాత తెలిసింది ఏమిటంటే, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలకి ఊపిరితిత్తులు అతిగా తిరగబడటమే ఈ జబ్బు. అంటే ఇదీ ఒక రకం అలర్జీయే, పుప్పొడి బదులు పురుగు.

ఆ పురుగుకి మందు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి పోయిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకింది. అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకి అప్పటి అధిపతి యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టింది భీమవరంలో. బోదకాళ్ళు చూసి పెరగడానికి గోదావరి జిల్లాకన్నా వేరే ఊరు అక్కర్లేదు. 1947లో ఆయన బృందం డైఇథైల్‌కార్బమజైన్‌ను తెచ్చింది. హెట్రజాన్ అంటే పాతతరం వాళ్ళకి తెలుస్తుంది. ఆ గోలీ ఆరోగ్యవరం జబ్బుకి కూడా కుదిరింది. మూడు వారాలు వేస్తే ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు కూర్చునే దగ్గిన మనిషి పడుకుని నిద్రపోయాడు. పాషాణం సూదుల అవసరం పోయింది. ఆ గోలీ బయటికి వచ్చిన మరుసటి ఏడే, 1948లో, సుబ్బారావు గారు యాభై మూడేళ్ళకే పోయారు.

కథ అక్కడ ఆగలేదు. 1968లో ఆరెంజ్, ఆస్టెన్ బృందం ఎలుకల మీద పరీక్షలు చేస్తూ, డైఇథైల్‌కార్బమజైన్ ఇస్తే ఆ "నెమ్మదిగా పనిచేసే పదార్థం" విడుదల కావడం తగ్గిపోతుందని చూపించింది. ల్యూకోట్రీన్ అన్న మాట పుట్టడానికి ఇంకా పదకొండేళ్ళుంది. ల్యూకోట్రీన్లకు అడ్డుపడగలదని ముందుగా తెలిసివచ్చిన మందుల్లో ఒకటి భీమవరం మనిషి చేతిలో వేరే పని కోసం తయారైందన్నమాట. దీన్ని మామూలు ఆస్తమాకి కూడా వాడి చూశారు, అది నిలదొక్కుకోలేదు. ఆరోగ్యవరం జబ్బులో అది నయం చేసేది ముఖ్యంగా పురుగుని చంపే, ల్యూకోట్రీన్లకు అడ్డుపడి కాదు. అందుకని సుబ్బారావుగారు ఆస్తమా మందు కనిపెట్టారని నేను అనను. ఆయనకి ఉన్న ఘనత చాలు, మనం లేనిది కలపక్కర్లేదు.

కర్చీఫ్ వేసే మందులు వచ్చింది తొంభైల్లో. 1995లో జపాన్‌లో ప్రాన్లుకాస్ట్, 1996లో అమెరికాలో జాఫిర్లుకాస్ట్, 1998 ఫిబ్రవరిలో అక్కడే మాంటెలుకాస్ట్. కెనడాలోని మాంట్రియల్ దగ్గర మెర్క్ కంపెనీ ప్రయోగశాలలో తయారైంది కాబట్టి పేరు మొదట్లో "మాంట్" ఉంది. కొన్నేళ్ళు అది ఖరీదైన మందే. 2012 ఆగస్టులో అమెరికాలో దాని పేటెంట్ తీరింది, అదే రోజుల్లో జెనెరిక్ అనుమతులు వచ్చాయి. ఆ అనుమతి వచ్చిన కంపెనీల్లో మన హైదరాబాద్ అరబిందో ఫార్మా ఒకటి. మన ఊళ్ళలో ఈ గోలీ అప్పటికే చవగ్గా దొరుకుతుండేది. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీ అని పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టుకున్న నేల మీద బతుకుతూ, ఆ గోలీ లోపల ఏముందో అడగకుండా మింగేస్తున్నాం. చవగ్గా దొరకడం మంచిదే. చవక కాబట్టి పిప్పరమెంటు అనుకోవడం మాత్రం నాకు నచ్చదు.

మరి ఎవరికి పనికొస్తుంది? నేను చూసిన మేరకు, మూడు రకాల మనుషులకి బాగా.

అలర్జీ ముక్కు, ఆస్తమా రెండూ ఉన్నవాళ్ళు మొదటి రకం. ఒకే గోలీ రెండు చోట్లా పనిచేస్తుంది. అయితే ముక్కు మాత్రమే కారేవాళ్ళకి ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే దీనికన్నా మేలు.

పరుగెత్తితే ఆయాసం పట్టేవాళ్ళు రెండో రకం. మా వైపు తెల్లవారుజామున రోడ్డు మీద కుర్రాళ్ళు పరుగెడుతూ కనిపిస్తారు. ఆర్మీ సెలక్షన్‌కో, పోలీసు కానిస్టేబుల్ పరీక్షకో తయారవుతున్నవాళ్ళు. చలిగాలి నోటితో పీల్చి పరుగెడితే గొట్టం లోపలి తడి ఆరిపోయి ల్యూకోట్రీన్లు విడుదలవుతాయి. పరుగు ఆపిన కాసేపటికి దగ్గు, ఈల. వాడేమో దమ్ము చాలట్లేదని మరింత గట్టిగా పరుగెడతాడు. అటువంటివాళ్ళకి పరుగుకి రెండు గంటల ముందు ఒక గోలీ పనిచేస్తుంది. రోజూ వేసుకునేవాళ్ళు మళ్ళీ వేసుకోవద్దు.

నొప్పి గోలీల ఆస్తమా ఉన్నవాళ్ళు మూడో రకం. దాయాదుల మాట ఇక్కడ. శామీర్‌పేట చెరువుకి రెండు తూములున్నాయనుకోండి. ఒకటి మూసేస్తే నీళ్ళు రెండోదాని మీద పడతాయి. అరకిడోనిక్ ఆమ్లానికి అట్లాగే రెండు దారులు. ఒకటి ప్రోస్టాగ్లాండిన్ల వైపు, రెండోది ల్యూకోట్రీన్ల వైపు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదటి తూమును మూస్తాయి. కొందరికి, ముఖ్యంగా ముక్కులో కండ పెరిగి వాసన పోయినవాళ్ళకి, ఆ నీరంతా ల్యూకోట్రీన్ల దారిలో పడి, మోకాలి నొప్పికి మింగిన గోలీ గంటలో ఊపిరికి అడ్డం పడుతుంది. అటువంటివాళ్ళకి మాంటెలుకాస్ట్ చాలా సాయం. అయినా ఆ నొప్పి గోలీలు మళ్ళీ ముట్టుకోకూడదు. మీ ఇంట్లో ముక్కులో కండ, దమ్ము రెండూ ఉన్నవాళ్ళుంటే, నడుము నొప్పికి గోలీ కొనేముందు ఒక్క క్షణం ఆగమని చెప్పండి.

ఇక ఎక్కువమంది ఆస్తమా రోగుల సంగతి. వాళ్ళకి మాంటెలుకాస్ట్ అసలు మందు కాదు, పక్కవాద్యం. అసలు మందు పంపు. పీల్చే స్టెరాయిడ్. ఈ మాట ఎత్తగానే నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ముఖం మారుతుంది. "డాక్టర్ సాబ్, పంపు పెడితే జిందగీ మొత్తం వదలదంట గదా? గోలీయే రాసియ్యండ్రి." నేనేమో నా అరచేయి చూపించి చెప్తాను. మంట మండుతున్నది గొట్టంలో, గోలీ పోయేది పొట్టలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి ఒళ్ళంతా తిరిగి గొట్టానికి. పంపు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్కన, నేరుగా మంట మీద చల్లుతుంది. పంపు అలవాటు కాదు పెద్దాయనా, జబ్బు నీకు అలవాటైంది. ఎన్నిసార్లు చెప్పినా కొందరు గోలీ షీటు జేబులో పెట్టుకుని, పంపు అల్మారాలో పెట్టి తాళం వేస్తారు.

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేప ప్రసాదం కోసం క్యూలు కడతారు, మీకు తెలుసు. కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దాని మీద వాదనకి నేను ఇవాళ దిగను. ఎండలో గంటలు గంటలు నిలబడ్డ ఆ దమ్ము మనుషుల్ని చూసినప్పుడల్లా నాకొచ్చే ప్రశ్న ఒక్కటే. వీళ్ళ జేబులో పంపు ఉందా?

చివరగా, ఈ మందు గురించి షాపులో ఎవరూ చెప్పనిది. 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మాంటెలుకాస్ట్ మీద నల్లగీత పెట్టె హెచ్చరిక, అంటే వాళ్ళ దగ్గర ఉన్నవాటిలో గట్టి హెచ్చరిక, వేయించింది. కొందరికి ఈ మందు మనసు మీద పనిచేస్తుంది. పీడకలలు, నిద్రపట్టకపోవడం, చిరాకు, కోపం, దిగులు, అరుదుగా చచ్చిపోవాలన్న ఆలోచన. ముక్కు కారడం ఒక్కటే జబ్బయితే, వేరే మందులు కుదరనప్పుడే దీన్ని వాడమని కూడా అదే హెచ్చరికలో ఉంది. ఎక్కువమందికి ఏమీ కాదు. అయినా అయ్యేవాళ్ళలో పిల్లలుంటారు, వాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. గోల చేస్తారు, మనం రెండు తగిలిస్తాం.

రెండేళ్ళ కింద ఒక తల్లి ఆరేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. "దగ్గు తగ్గింది సార్, పొల్లగాడు మారిపోయిండు" అంది. రాత్రి మధ్యలో లేచి కేకలు, బడిలో పక్క పిల్లల్ని కొట్టడం. ఎవరో గాలి సోకిందన్నారట, తాయత్తు కట్టించింది. మందుల సంచి బల్ల మీద బోర్లిస్తే నమిలే మాంటెలుకాస్ట్ షీటు బయటపడింది. ఎవరు రాశారో, ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. మూడు నెలలుగా వేస్తూనే ఉంది. ఆపించాను. పీల్చే మందు, గొట్టంలాంటి స్పేసరుతో ఎట్లా పెట్టాలో ఆమెకి రెండుసార్లు చేసి చూపించాను. మూడోసారి ఆమే నాకు చేసి చూపించింది.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. కేకలు లేవు. తాయత్తు మాత్రం చేతికి అట్లాగే ఉంది, గాలి వదిలింది దానివల్లేనని వాళ్ళ నానమ్మ నమ్మకం. నేను తీయమనలేదు. పిల్లవాడి బడి సంచి పక్క జేబులో, నీళ్ళ సీసా పెట్టుకునే చోట, పంపు ఉంది. దాని మీద ఒక క్రికెటర్ స్టిక్కరు అంటించుకున్నాడు.